కంప్యూటర్‌లో వీడియో సరిగా రావడం లేదా? ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి

వీడియో తడబడుతుంటే చాలామంది చేసే మొదటి పని బ్రౌజర్ క్యాష్ తుడిచేయడం. రెండోది, ఎక్కడో దొరికిన కోడెక్ ప్యాక్ (వీడియో ఫైళ్లను విప్పే ప్రోగ్రాముల మూట) ఇన్‌స్టాల్ చేయడం. మొదటిదానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. రెండోదానివల్ల ఉన్న చిక్కుకు ఇంకోటి తోడవుతుంది. ఆ ప్యాక్‌లోని ఫిల్టర్లు సిస్టమ్‌లో తిష్ఠ వేసి, అప్పటిదాకా బాగా నడుస్తున్న ప్లేయర్లను కూడా చెడగొట్టగలవు. ఏదైనా మార్చేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. తీరా చూస్తే మార్చాల్సింది చాలాసార్లు ఒక్క సెట్టింగో ఒక్క కేబులో అయి ఉంటుంది.

బొమ్మ తెరమీదికి వచ్చేలోపు నాలుగు మజిలీలు దాటాలి. ముందు సైటు నుంచో డిస్కు నుంచో డేటా అందాలి. కుదించి ఉన్న ఆ డేటాను ప్రాసెసరో గ్రాఫిక్స్ చిప్పో విప్పాలి, అంటే డీకోడ్ చేయాలి. డీకోడైన ఫ్రేములు, అంటే వీడియోలోని విడివిడి బొమ్మలు, వేళ తప్పకుండా మానిటర్‌కు చేరాలి. మానిటర్ వాటిని సరైన రంగుల్లో చూపాలి. వీటిలో ఏది దెబ్బతిన్నా వీడియో బాగోదు, కానీ ఒక్కోటి దెబ్బతిన్నప్పుడు కనిపించే తీరు వేరు.

లక్షణాన్ని బట్టి చోటు

బొమ్మా శబ్దమూ రెండూ ఆగిపోయి, తెరమీద చక్రం తిరుగుతూ ఉంటే డేటా అందడం లేదు. శబ్దం సాఫీగా వస్తూ బొమ్మ మాత్రం ఎగిరెగిరి పడుతుంటే డేటా అందుతోంది, డీకోడింగే వెనకబడుతోంది. ప్లేయర్లు శబ్దాన్ని ఆధారంగా పెట్టుకుని నడుస్తాయి. ఫ్రేము సమయానికి సిద్ధం కాకపోతే దాన్ని వదిలేసి ముందుకు పోతాయి తప్ప శబ్దాన్ని ఆపవు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

బొమ్మ సాఫీగానే కదులుతూ, గళ్లుగళ్లుగా లేదా పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తే వీడియోలోనే సమాచారం తక్కువ. సైటు తక్కువ రిజల్యూషన్ పంపుతోంది, లేదా ఫైలును బాగా కుదించారు. కదిలే బొమ్మ మధ్యలో అడ్డంగా చీలినట్టు గీత పడితే ఫ్రేములకూ మానిటర్‌కూ తాళం కలవడం లేదు. కెమెరా పక్కకు తిరిగినప్పుడు మాత్రమే ఒక లయలో సన్నటి కుదుపు కనిపిస్తే ఫ్రేమ్ రేటుకూ (వీడియోలో సెకనుకు ఎన్ని ఫ్రేములో) రిఫ్రెష్ రేటుకూ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) పొసగడం లేదు. కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే అది ఇంటర్లేస్డ్ వీడియో, అంటే ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి దాచినది. తెర మొత్తం ఆకుపచ్చగానో గులాబీగానో మారితే ముందు అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని. మొదటి పావుగంట బాగుండి ఆ తర్వాత తడబడితే వేడి.

అయినా అనుమానం తీరకపోతే మార్చి మార్చి చూడండి. అదే వీడియోను ఇంకో బ్రౌజర్‌లో పెట్టండి. అదే ప్లేయర్‌లో ఇంకో ఫైలు పెట్టండి. ఆన్‌లైన్‌లో తడబడుతుంటే, డిస్కులో ఉన్న మామూలు 1080పీ ఫైలును ప్లే చేయండి. ఫైలు బాగా ప్లే అయితే అనుమానం నెట్‌వర్క్ మీదికో బ్రౌజర్ మీదికో పోతుంది. రెండూ తడబడితే డ్రైవర్, వేడి, ప్రాసెసర్ వైపు చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఒకేసారి మూడు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ పాడైనప్పుడు మొదటికొస్తారు.

ఆన్‌లైన్ వీడియో: అంకెలు చూడండి

యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో అట్టడుగున "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఉంటుంది. నొక్కితే ఓ చిన్న నల్లటి పెట్టె వస్తుంది. అందులో చాలా వివరాలున్నా చూడాల్సినవి నాలుగే.

"కరెంట్ / ఆప్టిమల్ రెస్" అన్నచోట మొదటి అంకె ఇప్పుడు ప్లే అవుతున్న రిజల్యూషన్. అక్కడ 640, 360 కనిపిస్తే మీ మానిటర్ ఎంత మంచిదైనా బొమ్మ మసగ్గానే ఉంటుంది. గేర్ బొమ్మ నొక్కి క్వాలిటీని "ఆటో" నుంచి 1080పీకి మార్చి చూడండి. "బఫర్ హెల్త్" అంటే ముందుగా దించి పెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లకు సరిపోతుందో చెప్పే అంకె. అది పది, ఇరవై సెకన్ల మీద నిలకడగా ఉంటే నెట్‌వర్క్‌ను అనుమానించనక్కర్లేదు. సున్నా వైపు జారుతూ, అక్కడికి చేరినప్పుడల్లా వీడియో ఆగుతుంటే నెట్‌వర్కే. "వ్యూపోర్ట్ / ఫ్రేమ్స్" అన్నచోట "డ్రాప్డ్" అనే మాట ముందున్న అంకె, డీకోడ్ కాలేక వదిలేసిన ఫ్రేముల లెక్క. వీడియో మొదలైనప్పుడు, ముందుకు జరిపినప్పుడు, ఫుల్ స్క్రీన్ చేసినప్పుడు కొన్ని పోవడం మామూలే. 60 ఫ్రేముల వీడియోలో నిమిషానికి 3600 ఫ్రేములుంటాయి, అందులో నాలుగైదు పోతే కంటికి ఆనవు. ఏమీ ముట్టుకోకుండా ఒక నిమిషం చూస్తుండగా ఆ అంకె వందల్లో పెరుగుతుంటే డీకోడింగ్ చేతులెత్తేసినట్టే. నాలుగోది "కోడెక్స్", దాని సంగతి తర్వాతి భాగంలో.

నెట్‌వర్క్ అని తేలితే ముందు ఎంత వేగం కావాలో చూద్దాం. యూట్యూబ్ సూచన ప్రకారం 480పీకి నిలకడగా 1.1 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 720పీకి 2.5, 1080పీకి 5, 4కేకి 20 కావాలి. ఇక్కడ అసలు మాట "నిలకడగా". స్పీడ్ టెస్ట్‌లో 50 వచ్చినా, మధ్యమధ్య రెండేసి సెకన్లు తెగిపోయే వైఫై మీద 4కే సరిగా రాదు.

తెగేది వైఫైయా, బయటి లైనా అన్నది తేల్చడం సులువు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ కమాండ్‌కు "హైఫన్ టీ" జోడించి మీ రూటర్ చిరునామా ఇవ్వండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అవుతుంది. వీడియో తడబడే సమయంలోనే దీన్ని రెండు నిమిషాలు నడవనివ్వండి. కేబుల్ మీదయితే జవాబు 1 మిల్లీసెకన్ లోపు వస్తుంది, మంచి వైఫై మీద కొద్ది మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యమధ్య వందలకు ఎగబాకినా, "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అని వచ్చినా లోపం మీ ఇంట్లోనే ఉంది, కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. రూటర్ దాకా అంతా బాగుండి వీడియో ఆగుతుంటే, ముఖ్యంగా సాయంత్రాలే ఆగుతుంటే, అప్పుడు కంపెనీని అడగవచ్చు.

వైఫై లోపమైతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కింటి రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్ గోడలు అంత బాగా దాటలేదు కనుక రూటర్‌కు దగ్గరగా ఉంటేనే దానివల్ల లాభం. చాలామందికి తెలియని సంగతి మరొకటుంది: యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. వైఫై డాంగిల్ పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గుచ్చి ఉంటే, డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరపండి. డెస్క్‌టాప్‌కు మాత్రం వీలైతే లాన్ కేబుల్ వేసేయడమే మేలు, ఈ పేచీలన్నీ ఒక్కసారే పోతాయి.

ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడు కూడా వీడియో ఆగుతుంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే, డేటా అందిందని కంప్యూటర్ పంపాల్సిన కబుర్లు ఆలస్యమై డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. సింక్ ఆపి చూడండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపి చూడండి.

డబ్బు కట్టి చూసే సైట్లలో ఇంకో పేచీ ఉంది. నెట్ ఎంత వేగంగా ఉన్నా, కాపీ రక్షణ నియమాల వల్ల కొన్ని బ్రౌజర్లకు తక్కువ రిజల్యూషనే పంపుతాయి. విండోస్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కన్నా ఎడ్జ్‌లోనో, ఆ సైటు సొంత యాప్‌లోనో బొమ్మ మెరుగ్గా రావడానికి కారణం ఇదే. 4కే కావాలంటే మానిటర్, గ్రాఫిక్స్ చిప్పు కూడా హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతికి ఒప్పుకోవాలి. రెండు మానిటర్లలో ఒకటి పాతదైతే రిజల్యూషన్ పడిపోవడమో, శబ్దం వస్తూ తెర నల్లగా ఉండడమో జరగవచ్చు. పాతదాన్ని కాసేపు పీకి చూస్తే తేలిపోతుంది.

డీకోడింగ్: అసలు బరువు ఇక్కడే

వీడియోను కుదించే పద్ధతే కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264ను ఇప్పుడు వాడుకలో ఉన్న దాదాపు ప్రతి గ్రాఫిక్స్ చిప్పూ సొంతంగా డీకోడ్ చేస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో వచ్చిన ఏవీ1 అదే నాణ్యతను తక్కువ డేటాలో ఇస్తాయి. బదులుగా డీకోడ్ చేసేవాడి మీద బరువు పెరుగుతుంది. గ్రాఫిక్స్ చిప్పులో ఆ కోడెక్‌కు ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంటే ప్రాసెసర్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. లేకపోతే మొత్తం పని ప్రాసెసర్ మీద పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో 4కే వీడియో పెట్టగానే ఫ్యాన్ హోరెత్తడానికి కారణం ఇదే.

ఏ చిప్పు దేన్ని డీకోడ్ చేస్తుందో స్థూలంగా ఇదీ (8 బిట్, 10 బిట్ అంటే ఒక్కో రంగుకు వాడే సమాచారం ఎంతో చెప్పే అంకెలు). ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఆరో తరం నుంచి 8 బిట్ హెచ్‌ఈవీసీ, ఏడో తరం నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9, పదకొండో తరం నుంచి ఏవీ1. ఎన్‌విడియాలో జీటీఎక్స్ 10 సిరీస్‌కు హెచ్‌ఈవీసీ 10 బిట్, వీపీ9 వచ్చు. ఏవీ1 ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌తో మొదలైంది. ఏఎమ్‌డీలో ఏవీ1 ఆర్‌ఎక్స్ 6000 సిరీస్‌తో వచ్చింది కానీ, అదే సిరీస్‌లోని 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకు అది లేదు. యాపిల్ కంప్యూటర్లలో ఏవీ1 ఎం3 చిప్పు నుంచి. ఒక మెలిక: 10 బిట్ హెచ్.264 అనే రకం ఫైళ్లను చాలా గ్రాఫిక్స్ చిప్పులు డీకోడ్ చేయలేవు. "హెచ్.264యే కదా, ఎందుకు తడబడుతోంది" అనిపించినప్పుడు బిట్ డెప్త్ చూడండి.

ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఏం జరుగుతోందో చూడాలి. విండోస్ 10, 11లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. "పర్ఫార్మెన్స్"లో జీపీయూను (గ్రాఫిక్స్ చిప్పును) ఎంచుకుని, వీడియో నడుస్తుండగా "వీడియో డీకోడ్" అనే గ్రాఫ్‌ను చూడండి. కొన్ని ఏఎమ్‌డీ డ్రైవర్లలో దాని పేరు "వీడియో కోడెక్". ఆ గీత కదులుతుంటే చిప్పు పనిచేస్తోంది. అది సున్నా దగ్గర పడుకుని, సీపీయూ 80, 90 శాతానికి ఎక్కితే భారమంతా ప్రాసెసర్ మోస్తోంది.

అలా ఉంటే మూడు కారణాలుండవచ్చు.

మొదటిది, బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించే ఎంపిక) ఆపేసి ఉండడం. క్రోమ్, ఎడ్జ్ రెండింట్లోనూ సెట్టింగ్స్‌లో "సిస్టమ్" భాగానికి వెళ్లి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ స్విచ్ ఆన్ చేసి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది "జనరల్"లోని "పర్ఫార్మెన్స్" కింద ఉంటుంది. రికమెండెడ్ సెట్టింగ్స్ టిక్ తీస్తేనే కనిపిస్తుంది. క్రోమ్‌లో నిజంగా ఆన్ అయిందో లేదో చూడాలంటే అడ్రస్ బార్‌లో క్రోమ్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే జీపీయూ అని టైప్ చేయండి. వచ్చిన పేజీలో "వీడియో డీకోడ్" ఎదురుగా "హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్" అని ఉండాలి.

రెండోది, డ్రైవర్ లేకపోవడం. విండోస్ కొత్తగా వేసిన కంప్యూటర్లలో ఇది మహా మామూలు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, "డిస్‌ప్లే అడాప్టర్స్" విప్పండి. అక్కడ మీ గ్రాఫిక్స్ చిప్పు పేరుకు బదులు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే మీ కంప్యూటర్ కేవలం బొమ్మ చూపే స్థితిలో ఉంది, ఏ యాక్సిలరేషనూ లేదు. ల్యాప్‌టాప్ అయితే ఆ తయారీదారు సైటు నుంచి, విడి కార్డు అయితే ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎమ్‌డీ సైట్ల నుంచి డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో తిరిగే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోకండి.

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత ఆకుపచ్చ తెరలు మొదలైతే దారి వెనక్కి ఉంది. అదే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌లోని "డ్రైవర్" ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. వీడియో మధ్యలో తెర గడ్డకట్టినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేసే పని తప్పుతుంది. ఆకుపచ్చ తెర పోతుందేమో చూడడానికి యాక్సిలరేషన్ తాత్కాలికంగా ఆపవచ్చు. దాన్నే శాశ్వత పరిష్కారం చేసుకుంటే మాత్రం ఆ భారం ప్రాసెసర్ మీద పడిందని మరిచిపోకండి.

మూడోది, మీ చిప్పుకు రాని కోడెక్ సైటు పంపుతుండడం. "స్టాట్స్ ఫర్ నెర్డ్స్"లో కోడెక్ పేరు ఏవీసీ1తో మొదలైతే హెచ్.264, వీపీ09 అయితే వీపీ9, ఏవీ01 అయితే ఏవీ1. పాత చిప్పు మీద ఏవీ1 వస్తుంటే యూట్యూబ్ ఖాతా సెట్టింగుల్లో "ప్లేబ్యాక్ అండ్ పర్ఫార్మెన్స్" దగ్గర ఏవీ1 ఎంపిక ఏ స్థితిలో ఉందో చూడండి. "ఆల్వేస్ ప్రిఫర్" మీద ఉంటే "ఆటో"కు తేవాలి. ఇంకా పాత కంప్యూటరైతే, అన్నిటినీ హెచ్.264కి మళ్లించే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. హెచ్264ఇఫై అలాంటిది. యూట్యూబ్ హెచ్.264లో 1080పీ దాకానే ఇస్తుంది కనుక ఆపై రిజల్యూషన్లు మాయమవుతాయి. వీపీ9 డీకోడ్ చేయలేని కంప్యూటర్‌లో తడబడే 1440పీ కన్నా సాఫీగా నడిచే 1080పీ వెయ్యి రెట్లు నయం.

డిస్కులోని ఫైళ్లు

ఫైలు సంగతి తెలుసుకోడానికి వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్, జే నొక్కండి. కోడెక్, రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు కనిపిస్తాయి. పక్కనే ఉన్న "స్టాటిస్టిక్స్" ట్యాబ్‌లో పోయిన ఫ్రేముల లెక్క కూడా ఉంటుంది. తడబడుతుంటే టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో "ఇన్‌పుట్ / కోడెక్స్" తెరిచి, హార్డ్‌వేర్ డీకోడింగ్ ఎంపికను "ఆటోమేటిక్" చేయండి. ముందే అలా ఉండి గళ్లు, ఆకుపచ్చ మచ్చలు వస్తుంటే డైరెక్ట్3డీ11, డీఎక్స్‌వీఏ 2.0, డిసేబుల్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. ప్రతిసారీ వీడియో ఆపి మళ్లీ తెరవాలి. అదే పేజీలో, గళ్లను నునుపు చేసే హెచ్.264 డీబ్లాకింగ్ ఫిల్టర్‌ను దాటవేసే ఎంపిక ఉంది. దాన్ని "ఆల్" చేస్తే పాత ప్రాసెసర్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, బొమ్మలో గళ్లు కొంచెం తేలతాయి.

విండోస్‌తో వచ్చే ప్లేయర్ హెచ్‌ఈవీసీ ఫైలు తెరవకపోతే ఫైలు చెడిపోలేదు. ఆ ప్లేయర్‌కు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ విడిగా కావాలి, అది డబ్బుకు దొరికేది. వీఎల్‌సీ, ఎంపీవీ లాంటివి సొంత డీకోడర్లతో వస్తాయి కాబట్టి వాటికి ఏమీ అక్కర్లేదు.

ఫైలు సాఫీగా ప్లే అవుతూ బొమ్మ గళ్లుగా ఉంటే బిట్‌రేటు (ఒక సెకను వీడియోకు ఎంత డేటా ఉందో) లెక్కగట్టండి. జీబీల్లో సైజును 8000తో గుణించి, నిడివి సెకన్లతో భాగిస్తే ఎంబీపీఎస్ వస్తుంది. రెండున్నర గంటల సినిమా 1.5 జీబీ ఉంటే 12000ని 9000తో భాగించాలి, అంటే 1.3 ఎంబీపీఎస్. హెచ్.264లో 1080పీకి అది చాలా తక్కువ. వర్షం, పొగ, నీళ్లు, జనసమ్మర్దం ఉన్న సన్నివేశాల్లో బొమ్మ ముద్దవుతుంది. ఏ ప్లేయరూ, ఏ షార్ప్‌నెస్ సెట్టింగూ పోయిన సమాచారాన్ని తిరిగి తేలేవు. మంచి కాపీ వెతుక్కోవడమే దారి.

డిస్కు వేగం అసలు కారణం కావడం అరుదు. 80 ఎంబీపీఎస్ భారీ 4కే ఫైలుకైనా సెకనుకు 10 మెగాబైట్లు చాలు, ఆరోగ్యంగా ఉన్న ఏ హార్డ్ డిస్కైనా అంతకు చాలా రెట్లు ఇస్తుంది. అందుకే ఒకే ఫైలులో ప్రతిసారీ అదే నిమిషం దగ్గర ఆగితే ఫైలు చెడిందని, వేర్వేరు ఫైళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తే డిస్కు పోతోందని అనుమానించాలి. డిస్కు ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో "రీఅలొకేటెడ్ సెక్టర్స్", "కరెంట్ పెండింగ్ సెక్టర్స్" లెక్కలు పెరుగుతుంటే వీడియో సంగతి తర్వాత, ముందు ఉన్న డేటా కాపీ తీసుకోండి.

వేడి, కరెంటు

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో "స్పీడ్" అంకెను వీడియో మొదట్లో ఒకసారి, తడబడడం మొదలయ్యాక మరోసారి చూడండి. 3 గిగాహెర్ట్జ్ దగ్గరున్నది 1 దగ్గరికి పడిపోతే చిప్పు వేడెక్కి తనను తాను తగ్గించుకుంటోంది, లేదా కరెంటు చాలడం లేదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి గట్టి బల్ల మీదికి మార్చండి. గాలి రంధ్రాల్లో దుమ్ము ఊదించండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోవాలి. నాలుగైదేళ్లు దాటిన యంత్రమైతే థర్మల్ పేస్ట్ (చిప్పు వేడిని చల్లబరిచే లోహానికి చేర్చే పూత) ఎండిపోయి ఉండవచ్చు.

ఛార్జర్ తీసినప్పుడే బొమ్మ తగ్గుతుంటే అది లోపం కాదు, సెట్టింగ్. విండోస్ సెట్టింగ్స్‌లో "యాప్స్" కింద "వీడియో ప్లేబ్యాక్" దగ్గర, బ్యాటరీ మీద తక్కువ రిజల్యూషన్‌లో చూపే ఎంపిక ఉంటుంది. పవర్ మోడ్ కూడా "బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ" మీద ఉందేమో చూడండి. తక్కువ వాట్ల వేరే ఛార్జర్ పెట్టినా కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇలాగే నెమ్మదిస్తాయి.

కేబుల్, మానిటర్

ఇక్కడో మోసం ఉంది. ప్లేయర్ ఒక్క ఫ్రేము కూడా వదల్లేదని చెబుతుంది, బొమ్మ మాత్రం కుదుపుగా ఉంటుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని "అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే"కి వెళ్లి రిఫ్రెష్ రేటు చూడండి. 4కే మానిటర్ 30 హెర్ట్జ్ దగ్గర ఉంటే దొంగ దొరికినట్టే. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు 4కేను 30 దాకానే పంపగలదు. 60 కావాలంటే రెండు వైపులా హెచ్‌డీఎమ్‌ఐ 2.0, దానికి తగిన కేబుల్, లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 కావాలి. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్ పొరపాటున మదర్‌బోర్డు పోర్టులో గుచ్చి ఉందేమో కూడా చూడండి.

సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24 నిశ్శేషంగా భాగించదు కాబట్టి 60 హెర్ట్జ్ తెర ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపుతుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు కనిపించే కుదుపు ఇదే. 120 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేముకూ అయిదుసార్లు, 144లో ఆరుసార్లు సమానంగా వస్తుంది కనుక కుదుపు పోతుంది. 25 ఫ్రేముల వీడియోకు 50 లేదా 75 హెర్ట్జ్ నప్పుతుంది. మానిటర్‌లో ఆ ఎంపికలు లేకపోతే ఇంకేం చేసినా పూర్తిగా పోదు, దాని కోసం డ్రైవర్లు మారుస్తూ కూర్చోకండి. అడ్డ చీలికకు ఫుల్ స్క్రీన్‌లో చూడడం, గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో వీసింక్ (ఫ్రేములను మానిటర్ తాళానికి కలిపే ఎంపిక) ఆన్ చేయడం చాలావరకు సరిపోతాయి. దువ్వెన గీతలకు వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్‌ను "ఆన్" చేసి, మోడ్‌ను "యాడిఫ్" చేయండి. పాత డీవీడీలకు, హ్యాండీకామ్ టేపుల నుంచి తీసిన వాటికి ఇది తప్పదు.

రంగుల విషయంలో ముందు నలుపు చూడండి. సినిమాకు పైనా కిందా ఉండే నల్ల పట్టీలు బూడిద రంగులో ఉంటే, కంప్యూటర్ 16 నుంచి 235 దాకా ఉండే పరిమిత శ్రేణిలో పంపుతోంది, మానిటర్ 0 నుంచి 255 అనుకుంటోంది. చీకటి సన్నివేశాల్లో ఏమీ కనిపించకుండా నల్లగా ముద్దయితే దానికి తిరగమరగ. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "ఔట్‌పుట్ డైనమిక్ రేంజ్", ఇంటెల్‌లో "క్వాంటైజేషన్ రేంజ్", ఏఎమ్‌డీలో "పిక్సెల్ ఫార్మాట్" అనేవి దీనికోసమే. మానిటర్‌కు "ఫుల్" పెట్టండి. టీవీ అయితే టీవీలో ఏది పెడితే ఇక్కడా అదే ఉండాలి. టీవీని మానిటర్‌గా వాడుతుంటే ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్‌కు "పీసీ" అని పేరు పెట్టడంతోనే చాలా మోడళ్లలో అంచులు కత్తిరించడం, అతి షార్ప్‌నెస్ ఆగిపోతాయి.

కొన్ని ఫైళ్లే పాలిపోయి, మిగతావి బాగుంటే అవి హెచ్‌డీఆర్ ఫైళ్లు, అంటే వెలుగు, రంగుల శ్రేణి మామూలు కన్నా పెద్దగా ఉన్నవి. మామూలు మానిటర్ మీద వాటిని ప్లేయర్ కుదించి చూపాలి. వీఎల్‌సీ 3, ఎంపీవీ ఆ పని చేస్తాయి, చాలా పాత ప్లేయర్లు చేయవు. హెచ్‌డీఆర్ మానిటర్ ఉన్నవాళ్లకు వచ్చేది దీనికి తలకిందులు: విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేయగానే మామూలు వీడియోలు వెలిసినట్టవుతాయి. విండోస్, ఆల్ట్, బీ కలిపి నొక్కితే అది ఆన్, ఆఫ్ అవుతుంది.

పెదాలకూ మాటకూ పొత్తు కుదరకపోతే ముందు బ్లూటూత్ హెడ్‌సెట్ తీసి వైరుది పెట్టి చూడండి. ఒక్క ఫైలుకే అలా ఉంటే వీఎల్‌సీలో జే, కే బటన్లు ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్ల చొప్పున శబ్దాన్ని అటూ ఇటూ జరుపుతాయి.

కంప్యూటర్ మోయలేని ఫైలైతే

ఇంత చేశాక కూడా ఫలానా రకం ఫైళ్లే తడబడుతుంటే, ఆ కోడెక్ మీ చిప్పుకు రాదన్నమాట. వాటిని ఒకసారి మార్చి పెట్టుకోవచ్చు. వీడియోలను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాము ఉచితం. "డైమెన్షన్స్"లో 1920, 1080కి మించకుండా చూసి, "వీడియో" ట్యాబ్‌లో 8 బిట్ హెచ్.264 ఎంచుకుని, ఫ్రేమ్ రేటును "సేమ్ యాజ్ సోర్స్"గా ఉంచి, "కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్" టిక్ చేయండి. ఫోన్‌లో తీసిన వీడియోల్లో ఫ్రేమ్ రేటు మారుతూ ఉంటుంది, ఎడిటింగ్‌లో శబ్దం జారడానికి అదే మూలం కనుక ఆ టిక్ ముఖ్యం. ఆర్‌ఎఫ్ విలువ 20 నుంచి 22 మధ్య పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. మూలం కన్నా మెరుగైన బొమ్మ మాత్రం రాదు, కాబట్టి మూల ఫైలును తుడిచేయకండి. పాత ప్రాసెసర్ మీద ఒక సినిమాకు గంటలు పడుతుంది. అందుకని మొత్తం పెట్టేముందు "రేంజ్" దగ్గర "సెకండ్స్" ఎంచుకుని, బాగా కదలికలున్న రెండు నిమిషాల ముక్క ఒక్కటి మార్చి, టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని ప్లే చేసి చూడండి.